ఊరికే కూర్చోవడానికి అడవికి పోయాం

సిరిసిల్ల: మూటలు

కాశీకి పోతున్నామని చెప్పి ఉంటే మా వాడకట్టంతా బస్సు దాకా వచ్చి సాగనంపేది. బిడ్డ పురిటికి పోతున్నామన్నా, ఎవరో పోయారు పరామర్శకు పోతున్నామన్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. మేం చెప్పిన మాట వేరు. అత్తమ్మా నేనూ ఆదిలాబాదు అడవిలో ఒక చెక్క ఇంట్లో కొన్నాళ్లు ఊరికే కూర్చోవడానికి పోతున్నాం అన్నాం. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు, వాడకట్టులో ఎవరికీ అర్థం కాలేదు.

మాది మగ్గాల ఇల్లు. నా పేరు కమల, ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్తాను. మా ఆయన బెల్లంపల్లి బొగ్గుగనిలో పనిచేస్తూ పండుగలకు మాత్రం ఇల్లు చేరుతాడు. మగ్గాలన్నీ మా బావగారు, అంటే మా ఆయన అన్న, చూసుకుంటాడు. అత్తమ్మ రాజవ్వ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ మగ్గాల పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతూనే ఉంది. నూలు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో చేరింది. ఆ ఏడు వానకాలమంతా దగ్గుతో నిద్ర లేదు. కరీంనగర్ దవాఖానలో డాక్టరు మందులు రాసి, చివరికి ఒక మాట అన్నాడు: "మందు సగమే పని చేస్తది. నూలు దుమ్ము లేని జాగల కొన్ని దినాలు కూసోబెట్టుండ్రి. పని చెయ్యనియ్యకుండ్రి."

ఇంటికి వచ్చి ఆ మాట చెప్తే బావగారు తల ఎత్తకుండానే అన్నాడు.

"కూసోవాలంటే ఇంట్ల కూసోరాదా? దానికి అడివికి పోవుడేంది?"

"ఇంట్ల ఏ మూల కూసున్నా దుమ్మే కదా బావా. దుమ్ము లేని మూల నువ్వు చూపిస్తే అక్కడనే కూసుంటది," అన్నాను.

ఆయన చూపించలేదు. అలాంటి మూల మా ఇంట్లో లేదు. ఆయన భార్య లచ్చక్క, నా తోటికోడలు, పొయ్యి దగ్గర ఉండి అంతా వింటూనే ఉంది. అత్తమ్మ చుట్టే కండెలు ఇక ఎవరి మీద పడతాయో ఆమెకు తెలుసు.  గిన్నెలు గట్టిగా దించింది.

నాతో పాటు పనిచేసే సరళమ్మ భర్తకు జంగ్లాతులో, అంటే అడవి శాఖలో, కొలువు. టేకు నరికించే రోజుల్లో ఆఫీసర్లు ఉండటానికి కట్టిన ఆ చెక్క ఇంటి సంగతి చెప్పి, ఉండటానికి అనుమతి ఇప్పించింది ఆయనే.

ఇక మూటలు. అడవికి పోవడానికి ఏం కట్టుకోవాలో తెలిసినవాళ్లు మా వాడకట్టులో ఒక్కరూ లేరు కనుక అందరూ సలహాలు చెప్పారు. ఒకామె పాము కాటుకు వేరు ముక్క తెచ్చిచ్చింది. ఒకాయన పులిని బెదిరించడానికి రేకు డబ్బా పట్టుకుపొమ్మన్నాడు. మేం పెట్టుకున్నవి ఇవి: రెండు బొంతలు, ఒక గొంగడి, కందిలి దీపం, బియ్యం, పప్పు, జొన్నపిండి, మామిడికాయ తొక్కు, లచ్చక్క నోరు విప్పకుండానే చేసిపెట్టిన సకినాలు, ఉప్పు, చింతపండు, మందు సీసాలు.

అత్తమ్మ మూట ఎత్తి చూస్తే బరువుగా ఉంది. విప్పితే బొంత మడతల్లో రాట్నం, చక్రం విడదీసి, దాని పక్కన చిలపలు కట్టిన నూలు. తీసి బయట పెట్టాను. నేను నీళ్లు తాగి వచ్చేసరికి మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ తీశాను.

"ఉండనియ్ బిడ్డా. పొద్దు పోవద్దా?"

"రాట్నం వస్తే నేను కూడ పరీక్ష పేపర్లు తెచ్చుకుంట అత్తమ్మా. ఇద్దరం ఆడ కూసొని పని చేసుకుందాం. గంత దూరం పోవుడెందుకు మరి?"

ఆమె తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

"మరి చేతులు ఏం చెయ్యాలె?" అన్నది.

అయినా రాట్నం మాత్రం మళ్లీ మూటలోకి పోనివ్వలేదు.

ధర్మపురి బస్సు

కరీంనగర్‌లో బస్సు మారాం. ధర్మపురి బస్సు నిండా మొక్కులవాళ్లే. మా పక్కన కరీంనగర్‌లోనే ఎక్కిన ఒక పెద్దామె, ఒళ్లో కొబ్బరికాయల సంచి పెట్టుకుని అత్తమ్మను అడిగింది.

"ఏం మొక్కు వదినా?"

"నా బిమారి తక్కువైతే వస్తనని మొక్కుకున్న," అన్నది అత్తమ్మ, రెప్ప కొట్టకుండా.

ఆ పెద్దామె సంతోషించి తన మోకాళ్ల నొప్పి సంగతి, కోడలు సంగతి, కోడలి తమ్ముడి సంగతి జగిత్యాల దాకా చెప్పింది. పల్లీలు పెట్టింది. జగిత్యాలలో బస్సు ఆగినప్పుడు దిగి చాయ తాగాం. అప్పుడు అడిగాను.

"అబద్ధం ఎందుకు చెప్పినవు అత్తమ్మా?"

"నిజం ఎట్ల చెప్పాలె? ఊకె కూసునెతందుకు పోతున్న అంటే నవ్వరా? నాకే సిగ్గైతది."

"డాక్టరు చెప్పిండు కదా."

"డాక్టరు చెప్తడు. ఆయనకేం, మొగోడు."

నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. దేవుడి పేరు చెప్తే ఎక్కడికైనా పోవచ్చు. రోగం పేరు చెప్తే దవాఖాన దాకా పోవచ్చు. అలసిపోయాను అని చెప్పి ఒక ఆడమనిషి ఎంతదూరం పోవచ్చో ఎవరూ ఆలోచించినట్టు లేరు. ఆ దూరం మేమే పోయి చూడాలని ఆ చాయ దుకాణం ముందు నిలబడి గట్టిగా అనుకున్నాను.

గోదావరి

ధర్మపురిలో అత్తమ్మ తన అబద్ధాన్ని నిజం చేసుకుంది. గుడికి పోయి దండం పెట్టుకుని, నదిలో మూడు మునకలు వేసింది. నేను దగ్గు సంగతి గుర్తుచేస్తే, గోదావరి నీళ్లకు దగ్గు రాదు అన్నది. సాయంత్రం దాకా దగ్గింది.

వానలు తగ్గుముఖం పట్టాయి. నది నెమ్మదించింది. పడవలో మాతో పాటు రెండు మేకలు, ఒక బెల్లం వ్యాపారి, అవతలి ఊళ్లో పెళ్లి చూపులకు పోతున్న నలుగురు. పడవ ఒడ్డు తాకేటప్పుడు మేక ఒకటి బెదిరి దూకింది. దాని తాడు మా ఉప్పు, చింతపండు ఉన్న సంచికి చుట్టుకుని సంచి నీళ్లలో పడింది. పడవవాడు గడతో దాన్ని పైకి లాగాడు. చింతపండు దక్కింది. ఉప్పు గోదావరికి పోయింది.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. సముద్రంల ఎట్లైనా కలిసేదే," అన్నాడు పడవవాడు.

బెల్లం వ్యాపారి మాత్రం చాలా సేపు బాధపడ్డాడు. అడవిలో ఉప్పు దొరకడం కష్టమని, ఉప్పు పోవడం శకునం మంచిది కాదని, వెనక్కి తిరగమని చెప్పాడు. "శకునం మేకకు చెప్పు," అన్నది అత్తమ్మ. ఆ ప్రయాణంలో ఆమె ఒక మగమనిషికి ఎదురు చెప్పడం అదే మొదలు.

లక్సెట్టిపేట, జన్నారం

లక్సెట్టిపేటలో బడిపంతులమ్మ ఒకామె, సరళమ్మకు తెలిసినామె, రాత్రికి చోటిచ్చింది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం, మీద ఇంత మీగడ పెరుగు. ఉప్పు కూడా ఒక పొట్లం కట్టిచ్చింది. మరునాడు ఎర్ర బస్సులో జన్నారం.

నది దాటగానే మాట మారుతుంది. మాది తెలుగే, వాళ్లదీ తెలుగే, కానీ మధ్యలో మరాఠీ మాటలు దూరుతుంటాయి. అంగట్లో కూరగాయలమ్మే ఆమె నన్ను "బాయీ" అని పిలిచింది. నాటుకోళ్లు మా ఊళ్లో కంటే చాలా చౌక. కందిలికి పోసే గ్యాసునూనె మాత్రం పిరం. మా దగ్గర పెళ్లికి కొనే చీరెలు వాళ్లు సంతలో బియ్యం కొన్నట్టు నింపాదిగా, మడత విప్పి, వెలుతురుకు పెట్టి, బేరం చేసి కొంటారు. అది చూసి అత్తమ్మ దుకాణం ముందు నుంచి కదలలేదు. ఇన్నేళ్లూ నేతపని చేసే ఇంట్లో ఉండి, చీరె అమ్ముడుపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదట.

జన్నారం నుంచి ఖానాపూర్ పోయే దారిలో కొంత దూరం పోయి, ఎడ్లబండి మీద అడవిలోకి మళ్లాం.

చెక్క ఇల్లు

గోడలు టేకు చెక్కలవి. రెండు గదులు, ముందు వసారా, వసారాలో రెండు పడక కుర్చీలు. నాలుగు వైపులా టేకు, మద్ది, ఇప్ప చెట్లు. కింద వాగు. చౌకీదారు పేరు మారుతి. అతని భార్య సోంబాయి గోండు. ఇద్దరూ ఇంటి వెనుక గుడిసెలో ఉంటారు. మేం వచ్చిన పని ఏమిటని మారుతి అడిగినప్పుడు అత్తమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు.

"సాబులంతా గందుకే వస్తరు బాయీ. ఊకెనే కూసుంటరు. ఆడోళ్లు వచ్చుడు మీరే మొదలు," అన్నాడు.

మొదటి రోజులు నాకు విశ్రాంతి లేదు. అత్తమ్మకు కూర్చోవడం చేతకాలేదు. వసారా ఊడ్చింది. మళ్లీ ఊడ్చింది. అడవిలో ఆకులు రాలడం ఆగదు కదా, ఆమెకు పని దొరికింది. బియ్యంలో రాళ్లు ఏరింది. రాళ్లు అయిపోతే నూకలు ఏరింది. సకినాల డబ్బా ఎండలో పెట్టింది, కొండముచ్చులు వచ్చి డబ్బాతో సహా ఎత్తుకుపోయాయి. లచ్చక్క చేతి సకినాలు చెట్టు కొమ్మ మీద కూర్చుని అవి కరకర నమిలి తిన్నాయి. కూర్చోవడం ఎలాగో వాటిని చూసి నేర్చుకొమ్మని అత్తమ్మతో అన్నాను. ఆమె చీపురు తీసుకుని మళ్లీ వసారా ఊడ్చింది.

ఒక మధ్యాహ్నం వాగు దగ్గర పొదల మీద సోంబాయి ఆరేసిన చీరె చూసింది అత్తమ్మ. ముదురు ఆకుపచ్చ, ఎర్ర అంచు. దగ్గరికి పోయి అంచు వేళ్లతో పట్టుకుంది.

"ఇది మా ఊరిదే," అన్నది.

"మీ ఊరిదా?" అన్నది సోంబాయి.

"మా సిరిసిల్లదే. మా ఇంటిదో కాదో తెల్వది గని, మా ఊరిదే. ఎట్లుంటది, ఆగుతదా?"

"మంచిగ ఆగుతది. కట్టెలు మోస్త, వాగుల పిండుత. ఇది రెండో ఏడు."

అత్తమ్మ ఆ చీరె పక్కనే, వాగు ఒడ్డున రాతి మీద కూర్చుంది. సోంబాయి కూడా కూర్చుంది.  పొద్దు చెట్ల వెనక్కి వాలినా అత్తమ్మ లేవలేదు. నేను పోయి చూస్తే చేతులు ఒళ్లో ఉన్నాయి. కళ్లు నీళ్ల మీద ఉన్నాయి.

ఆ తర్వాత ఆమెకు కూర్చోవడం వచ్చేసింది. తెల్లారి జొన్న గటక తాగి పడక కుర్చీలో చేరేది. ఆకలైతే లేచేది. రాత్రి దగ్గు తగ్గింది. వండటం నేనూ సోంబాయీ చూసుకున్నాం. ఇప్పపూలు ఎండబెట్టినవి జొన్నలతో ఉడకబెట్టి సోంబాయి పెట్టింది; మొదటి ముద్ద వింతగా ఉంటుంది, మూడో ముద్దకు ఇంకొంచెం అడుగుతాం.

జీపు

ఒకరోజు పొద్దెక్కిన వేళ జీపు వచ్చింది. ఒక పెద్ద ఆఫీసరు, ఆయన స్నేహితులు ఇద్దరు, ఒక గుమాస్తా. తుపాకులు ఉన్నాయి. ఏ శాఖ ఆఫీసరో మాకు చెప్పలేదు. గుమాస్తా ముందు దిగి వసారా మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఎవలు మీరు? సాబ్ వచ్చిండు. కమరాలు ఖాళీ చెయ్యండ్రి."

నేను అనుమతి కాగితం చూపించాను. అతను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"గా కాగితం వేరే టైముల చెల్లుతది. సాబ్ వస్తె చెల్లది."

ఇంతలో ఆఫీసరే వచ్చాడు. టోపీ తీశాడు. మంచిగా మాట్లాడాడు. కృష్ణా గుంటూరు వైపు మాట.

"చూడండమ్మా, వెనకాల గుడిసె ఉంది కదా, ఈ రెండు రోజులూ అక్కడ సర్దుకోండి. మా వంటవాడు రాలేకపోయాడు. మీరు కాస్త వంట చూసిపెట్టారంటే మీకూ పొద్దు పోతుంది."

 నాది సర్కారు కొలువు. ఇలాంటివారు తలుచుకుంటే నన్ను ఏ మారుమూలకైనా బదిలీ చేయించగలరు. ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. పడక కుర్చీలోంచి లేవలేదు.

"నేను లేవ అయ్యా."

"ఏమిటి?"

"లేవ అంటున్న."

"ఇక్కడ ఏం పని మీద ఉన్నారు మీరు?"

"ఏం పని లేదు. పని లేకుంట ఉండెతందుకే వచ్చిన."

స్నేహితుల్లో ఒకాయన నవ్వాడు. ఆఫీసరు ముఖం మారింది.

"నేనెవరో తెలుసా నీకు?"

"తెల్వది. నువ్వు చెప్తె తెలుస్తది. తెలిసినా లేవ. పెనిమిటికి వండిన, కొడుకులకు వండిన, మగ్గం నేసెటోళ్లకు వండిన. నువ్వు మా ఇంటికొస్తె నీకూ వండిపెడుత. ఈడ వండ. ఈడ నన్ను డాక్టరు కూసోమన్నడు, కూసున్న."

ఆయన మారుతి వైపు తిరిగాడు.

"వీళ్ల సామాను బయట పెట్టు."

మారుతి వసారా ఎక్కి మా మూటల దగ్గర నిలబడ్డాడు. అతని ముఖం చూసి నాకు భయం వేసింది. మాకు పోయేది కొన్ని రోజుల విశ్రాంతి. అతనికి పోయేది కూడు.

"బాయీ, లేస్తరా?" అని అడిగాడు.

"లేవ మారుతీ," అన్నది అత్తమ్మ, మెల్లగా.

అతను కిందికి దిగి ఆఫీసరు ముందు చేతులు కట్టుకున్నాడు.

"అడిగిన సాబ్. లేస్తలేరు."

"అడగమనలేదు. తీసి పెట్టమన్నాను."

"ఆడోళ్ల మూట నేను ముట్ట సాబ్."

"నౌకరీ పోతది చూడు," అన్నాడు గుమాస్తా.

అప్పుడు గుడిసె వైపు నుంచి సోంబాయి వచ్చింది. ఎవరినీ చూడలేదు. వచ్చి అత్తమ్మ కుర్చీ పక్కన, మెట్టు మీద కూర్చుంది. మోకాళ్లు చుట్టి చేతులు పెట్టుకుంది. ఇక ఆమె కూడా కదలదని అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు నేను కూడా ముందుకు వచ్చాను. "మా అనుమతి శనివారం దాకా ఉంది. శనివారం దాకా ఉంటాం. మారుతి తప్పేమీ లేదు, లేవనిది మేము. నా పేరు, మా బడి పేరు చెప్తాను, రాసుకోండి," అని పేరు చెప్పాను, బడి చెప్పాను, ఊరు చెప్పాను. గుమాస్తా రాసుకున్నాడు.

నవ్విన స్నేహితుడే చివరికి ఆఫీసరు భుజం మీద చేయి వేశాడు. "జన్నారంలో బంగళా ఉందిగా, అక్కడికి పోదాం పదండి. ముసలావిడతో ఏమిటి," అన్నాడు. ముసలావిడతో ఏమిటి అన్న ఆ మాట పట్టుకుని ఆయన జీపు ఎక్కాడు. గెలిచామని మాకు అనిపించలేదు. 

"పోయిన్రా?" అన్నది అత్తమ్మ.

"పోయిన్రు."

"మరి నాకు గింత చెమట ఎందుకు పట్టింది?"

చెంబెడు నీళ్లు తాగింది.  సోంబాయి ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఒత్తింది.

శనివారం దాకా ఉన్నాం. ఆ మిగిలిన రోజులు అంతకు ముందులా హాయిగా లేవు. ఎక్కడ బండి చప్పుడైనా చెవులు నిక్కేవి. అయినా ఒక్క పూట ముందు కూడా కదలలేదు.

ఇంటికి

తిరిగి వచ్చాక నన్ను సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. బదిలీ రాలేదు. మారుతిని కొన్నాళ్లు వేరే చౌకీకి మార్చారని, తర్వాత మళ్లీ అక్కడికే పంపారని సరళమ్మ చెప్పింది. ఆ చెక్క ఇంట్లో మాకు మళ్లీ చోటు ఇవ్వవద్దని కూడా ఎవరో చెప్పారట. చెప్పనీ. అంత అడవిలో అదొక్కటే ఇల్లు కాదు. పోదలుచుకున్నవాళ్లు బియ్యం, ఉప్పు, బొంత కట్టుకుని పోండి. ఎందుకని అడిగితే నిజమే చెప్పండి.

అత్తమ్మ దగ్గు పూర్తిగా పోలేదు. రాత్రి నిద్ర మాత్రం పడుతున్నది. వచ్చిన రోజు వాడకట్టువాళ్లు వచ్చి, అడవి మాట ఎత్తకుండా, ధర్మపురి దర్శనం బాగా అయిందా అని అడిగారు.

"దర్శనం పోంగ ఒక్క నిమిషం చేసుకున్న. మిగిలిన దినాలు అడివిల ఊకె కూసున్న," అన్నది అత్తమ్మ అందరి ముందు. బావగారు లేచి లోపలికి పోయాడు.

లచ్చక్క వేళ్లు నూలుకు కోసుకుపోయి ఉన్నాయి. మేం లేనన్ని రోజులూ తన పనీ, అత్తమ్మ పనీ ఆమే చేసింది.  అన్నం పెట్టి అవతలికి పోబోతుంటే అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ఏడు నువ్వు పో. నీ పని నేను, కమల చూసుకుంటం."

"నాకేం రోగం వచ్చింది పోనీకి?" అన్నది లచ్చక్క, ముఖం తిప్పుకుని.

"వచ్చేదాక ఆగుతవా?"

లచ్చక్క చెయ్యి లాక్కోలేదు. లోపల మగ్గాలు కొడుతూనే ఉన్నాయి. మేం తినడం అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. తర్వాత ఎంగిలి కంచాలు తీస్తూ, మా ఇద్దరిలో ఎవరినీ చూడకుండా, నెమ్మదిగా అడిగింది.

"ఆడికి ఏమేం కట్టుకపోవాలె?"